ముగ్గురు పారిపోతే ఒక్కడికే యావజ్జీవం

1640లో వర్జీనియా భూస్వామి హ్యూ గ్విన్ దగ్గర నుంచి ముగ్గురు పనివాళ్లు ఉడాయించారు. పొరుగున ఉన్న మేరీలాండ్‌లో తేలారు. ఒకడు విక్టర్, డచ్చివాడు. ఇంకొకడు జేమ్స్ గ్రెగరీ, స్కాట్లాండ్ వాడు. మూడోవాడు జాన్ పంచ్, నల్లవాడు.

గ్విన్ వాళ్లను వెనక్కి రప్పించమని అడగలేదు. ఎక్కడున్న సరుకు అక్కడే అమ్ముకునే వ్యాపారిలా, మేరీలాండ్‌లోనే అమ్మేసుకుంటాను, అనుమతివ్వండని కోర్టుకు అర్జీ పెట్టుకున్నాడు. ఇలాంటిదానికి ఒప్పుకుంటే రేపు అందరూ ఇదే దారి పడతారని జూన్ 4న కోర్టు తోసిపుచ్చింది. నలుగురికీ బుద్ధొచ్చేలా శిక్షించాలి, ముగ్గురినీ పంపండని మేరీలాండ్ గవర్నరుకు ఉత్తరం రాయించింది.

జూలై 9న తీర్పు వచ్చింది. పట్టుమని పది వాక్యాలు కూడా లేని ఈ ఉత్తర్వు, బానిసత్వం మీద వచ్చిన లావుపాటి పుస్తకాలు చాలావాటికంటే ఎక్కువే చెబుతుంది. ముగ్గురికీ తలా ముప్పై కొరడా దెబ్బలు. అంతవరకు సమానమే. విక్టర్, గ్రెగరీ తమ ఒప్పందం గడువు ముగిశాక గ్విన్‌కు ఇంకో ఏడాది, ఆ తర్వాత కాలనీకి మూడేళ్లు చాకిరీ చేయాలి. పంచ్ మాత్రం గ్విన్‌కు, లేదా గ్విన్ ఎవరికి రాసిస్తే వాళ్లకు, ఇక్కడైనా మరెక్కడైనా, ప్రాణం ఉన్నంతకాలం పనిచేయాలి.

ఎందుకీ తేడా? ఉత్తర్వులో కారణం లేదు. చెప్పాల్సిన అవసరం ఉందని ఆ కోర్టులో ఎవరికీ తోచినట్టు లేదు. ఇంకో విశేషం ఉంది. తెల్లవాళ్లిద్దరి నుంచి కాలనీ తన వాటాగా ఆరేళ్ల పని రాబట్టుకుంది. పంచ్ దగ్గర వాటా ఊసే ఎత్తకుండా మొత్తం గ్విన్‌కే వదిలేసింది. కూలీల ఒప్పందాలు చేతులు మారడం అప్పట్లో మామూలే కానీ, వాటికి ఒక గడువంటూ ఉండేది. జూన్‌లో అమ్ముకోవద్దన్న కోర్టే, జూలైలో గడువు లేని మనిషిని గ్విన్ చేతిలో పెట్టింది.

అదే నెలలో ఇంకో కేసు. కెప్టెన్ విలియం పియర్స్ పనివాళ్లు కొందరు మొక్కజొన్న, తుపాకులు, మందుగుండు పడవలో వేసుకుని రాత్రికి రాత్రే బయల్దేరి దొరికిపోయారు. వాళ్లతో ఉన్న ఇమాన్యుయేల్ అనే నల్లవాడికి ముప్పై దెబ్బలు, చెంప మీద ‘ఆర్’ అక్షరం వాత, ఏడాదో ఆపైనో సంకెళ్లు. అదనపు ఏళ్లు మాత్రం వేయలేదు. అప్పటికే అతనిది జీవితాంతపు చాకిరీ కాబట్టే, కలపడానికి ఏళ్లు మిగల్లేదని చరిత్రకారుల ఊహ.

నేపథ్యం క్లుప్తంగా. 1607లో వర్జీనియాలో ఇంగ్లీషువాళ్ల జేమ్స్‌టౌన్ వెలిసింది. కొన్నేళ్లకే జాన్ రాల్ఫ్ పొగాకు పండించి లాభం చూపించాడు. మనిషిని ఓడెక్కించి తెచ్చినవాడికి తలకు 50 ఎకరాల భూమి ఇచ్చే పద్ధతి 1618లో మొదలైంది. మరుసటేడు ‘వైట్ లయన్’ ఓడ ఇరవై మందికి పైగా అంగోలా వాసులను దించింది. అయినా పొలాల్లో ఎక్కువమంది ఇంగ్లండు పేదలే; ఓడ ఖర్చుకు బదులు నాలుగేళ్ల నుంచి ఏడేళ్లు పనిచేసే ఒప్పంద కూలీలు.

వర్జీనియా ఎండకు తెల్లవాళ్లు ఆగలేరు కాబట్టి ఆఫ్రికన్లను తెచ్చారని ఒక పాత వాదన ఉంది. లెక్కల ముందు అది నిలవదు. 1671లో గవర్నర్ బర్క్‌లీ లండన్‌కు పంపిన నివేదికలో జనాభా 40 వేలు, నల్ల బానిసలు 2 వేలు, తెల్ల కూలీలు 6 వేలు. ఆ ఎండలోనే అరవై ఏళ్లుగా పొగాకు పండించింది ప్రధానంగా తెల్లవాళ్లే.

మారింది ఎండ కాదు, ధర. ఇంగ్లండులో కూలి పెరిగింది. ఓడెక్కేవాళ్లు తగ్గారు. వర్జీనియాకు వచ్చినవాళ్లు మొదటి ఏళ్లలోనే చచ్చిపోవడం తగ్గేసరికి, ఎక్కువ ధర పెట్టి జీవితాంతానికి కొనుక్కోవడం గిట్టుబాటైంది. 1672లో రాయల్ ఆఫ్రికన్ కంపెనీ ఏర్పడింది. 1698లో బానిసల వ్యాపారంపై దాని గుత్తాధిపత్యం పోయాక ఆ వ్యాపారం ఎవరికైనా తెరుచుకుంది. 1676లో గవర్నరు మీద జరిగిన బేకన్ తిరుగుబాటులో నల్లవాళ్లు, తెల్ల కూలీలు కలిసి ఆయుధాలు పట్టడం చూసి దొరలు బానిసలవైపు తిరిగారంటారు. ఆ భయం నిజమే కావచ్చు. కానీ డబ్బున్న దొరలు అంతకుముందే కొనడం మొదలుపెట్టారు. 1700 నాటికి నల్లవారి సంఖ్య సుమారు 16 వేలని అంచనా.

కొన్నదాన్ని నిలుపుకోవడానికి చట్టాలు వచ్చాయి. ఎలిజబెత్ కీ తల్లి ఆఫ్రికన్, తండ్రి ఇంగ్లీషువాడు. తండ్రిని చూపించి కోర్టులో పోరాడి 1656లో స్వేచ్ఛ పొందింది. ఆరేళ్లకు ఆ దారి మూసేశారు: బిడ్డకు తల్లి స్థితే వస్తుందని 1662 చట్టం. దొరకు బానిస స్త్రీ వల్ల పుట్టిన బిడ్డ కూడా దొర ఆస్తే. బాప్తిస్మం తీసుకున్నా విడుదల లేదని 1667లో అన్నారు. దండిస్తుండగా బానిస చనిపోతే యజమానిది హత్యానేరం కాదని 1669లో తేల్చారు. తన ఆస్తిని తానే కావాలని ఎవరు పాడుచేసుకుంటారన్నది అందుకు చూపిన కారణం.

నల్ల యజమాని

1621లో వర్జీనియాకు వచ్చిన ఆఫ్రికన్ ఆంటోనీ జాన్సన్ స్వేచ్ఛ పొంది, 1651లో 250 ఎకరాలు సంపాదించాడు. తన దగ్గర పనిచేసే జాన్ కేసర్ అనే ఆఫ్రికన్ గడువు తీరిందని వెళ్లిపోతే, దావా వేసి 1655లో జీవితాంతానికి దక్కించుకున్నాడు. జాన్సన్ 1670లో చనిపోయాక, అతను నల్లవాడు, కాబట్టి పరాయివాడని వర్జీనియా జ్యూరీ తేల్చింది.

మన తీరం బట్ట

ఈస్టిండియా కంపెనీ 1611లోనే మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది. కోరమాండల్ తీరంలో కొన్న నూలు బట్టలు లండన్ మీదుగా పశ్చిమాఫ్రికా చేరేవి. అక్కడ మనుషులను కొనడానికి ఇచ్చిన సరుకుల్లో అవీ ఉన్నాయి. మనుషులూ వెళ్లారు. 1635లో జార్జ్ మెనెఫీ అనే వర్జీనియా వర్తకుడు భూమి కోసం చూపిన తలల జాబితాలో టోనీ అనే ఒక ‘ఈస్ట్ ఇండియన్’ ఉన్నాడు.