పూడ్చిన బావి, తవ్విన బావి

ఖరీఫ్ అంటే మనకు తొలకరి పంట. నారుమళ్ళు, ఎరువుల బస్తాలు, బ్యాంకు అప్పు, పొద్దున లేస్తే ఆకాశం వంక చూపు. అరబ్బీలో ఆ మాటకు శరత్కాలం అని అర్థం. ఒమన్ దక్షిణాన ఉన్న దోఫార్‌లో మాత్రం అది వానాకాలం పేరే. అరేబియా ఎడారులు ఎండకు మాడిపోతున్న రోజుల్లో మన నైరుతి రుతుపవనాల కొస ఒకటి సలాలా వెనక కొండలకు తగులుతుంది. జూన్ చివరి నుంచి సెప్టెంబరు దాకా మబ్బు నేల మీదికి దిగి కూర్చుంటుంది. పది బారల దూరంలో ఉన్న ఆవు కనపడదు. మస్కట్‌లో పనిచేసే మన కుర్రాళ్ళు సెలవు దొరికితే దాదాపు వెయ్యి కిలోమీటర్లు కారులో వెళ్ళి ఆ జల్లులో తడిసి, బోండాం నీళ్ళు తాగి, అచ్చం కోనసీమే అంటూ ఇంటికి ఫోటోలు పంపుతారు. ఆ ఫోటోల్లో వెనక కనిపించే కొండలు 1965 నుంచి పదేళ్ళకు పైగా యుద్ధభూమి.

సలాలాకు తూర్పున 70 కిలోమీటర్లు వెళితే మిర్బాత్ అనే చిన్న రేవు వస్తుంది. ఒకప్పుడు సాంబ్రాణి, గుర్రాలు ఓడలెక్కిన ఊరు. 1972 జులై 19న ఇంకా తెల్లవారకముందే, మబ్బును అడ్డం పెట్టుకుని, ఒమన్ సుల్తాను మీద తిరగబడ్డ గెరిల్లాలు 250 మంది దాకా కొండ దిగి ఆ ఊరి మీదికి వచ్చారు. ఖరీఫ్ కాలం వాళ్ళకు చుట్టం. మబ్బు ఇంత కిందికి ఉంటే విమానాలు రాలేవని వాళ్ళ లెక్క. ఊళ్ళో ఒక కోట, కొద్దిమంది కాపలాదారులు, జెండార్మెరీ దళం ఒకటి, ఒక ఇంట్లో తొమ్మిదిమంది బ్రిటిష్ సైనికులు. వాళ్ళ నాయకుడు కెప్టెన్ మైక్ కీలీ. నిజానికి వాళ్ళ వంతు అయిపోయింది, బదులు వచ్చే దళం అప్పటికే సలాలాలో దిగి ఉంది.

ఆ తొమ్మిదిమందిలో ఇద్దరు ఫిజీ దీవులవాళ్ళు. సార్జెంట్ తలయాసి లబలబ, కాల్పులు మొదలవగానే అర కిలోమీటరుకు పైగా బయట పరిగెత్తి జెండార్మెరీ కోట పక్కన ఉన్న 25 పౌండర్ ఫిరంగి దగ్గరికి చేరాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి ఫిరంగి అది. నలుగురైదుగురు కలిసి నడిపేదాన్ని దాదాపు ఒక్కడే నడిపాడు. దవడకు తూటా తగిలినా ఆపలేదు. రెండో ఫిజీ సైనికుడు సెకోనాయ తకవేసి అతని కోసం పరుగున వచ్చి తానూ గాయపడ్డాడు. లబలబ అక్కడే చనిపోయాడు. కీలీ, ట్రూపర్ టామీ టోబిన్ ఆ గుంతలోకి చేరారు. టోబిన్‌కు తగిలిన గాయాలు ప్రాణం తీశాయి. కొన్ని గంటల తర్వాత స్ట్రైక్‌మాస్టర్ విమానాలు మబ్బుకూ సముద్రానికీ మధ్య సందులోంచి దూసుకొచ్చాయి. సలాలాలో ఉన్న దళాన్ని హెలికాప్టర్లు మోసుకొచ్చాయి. గెరిల్లాలు వెనక్కి తగ్గారు. ఆ తర్వాత అంత పెద్ద దాడి వాళ్ళు మళ్ళీ చేయలేకపోయారు.

అప్పట్లో లండన్ పత్రికల్లో ఈ సంగతి రాలేదు. ఆ తొమ్మిదిమంది స్పెషల్ ఎయిర్ సర్వీస్ కమాండోలు. కాగితం మీద వాళ్ళ పేరు వేరు: బ్రిటిష్ ఆర్మీ ట్రైనింగ్ టీమ్. శిక్షణ బృందం. యుద్ధంలో ఉన్న మిత్రుడికి ఒక ప్రభుత్వం పంపే సాయం ఆ మాట చాటునే మొదలవుతుంది. ఆయుధాలు అమ్ముతున్నామంటారు, నేర్పుతున్నామంటారు. నేర్పేవాడు ఫిరంగి దగ్గర చచ్చిపోయిన రోజున ఏమనాలో వాళ్ళకూ తెలియదు. తెలుగువాడిగా నాకు లబలబ కథ దగ్గర మనసు ఆగిపోతుంది. కంపెనీ రోజుల్లో మన నేల నుంచి దళంలో చేరి ఎక్కడెక్కడో పోరాడిన సిపాయిలను ఉత్తరాదివాళ్ళు ‘తిలంగాలు’ అని పిలిచేవారు. పసిఫిక్‌లో పుట్టినవాడు, బ్రిటన్ జీతానికి, ఒమన్ సుల్తాను కోసం ప్రాణమిచ్చాడు. ఆ తోవ మనకు కొత్తది కాదు.

ఆ సాయం తీసుకోవడం కూడా మనకు కొత్త కాదు. 1798 సెప్టెంబరు 1న హైదరాబాదు నిజాం అలీ ఖాన్ ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచి సేనాని రేమండ్ తీర్చిదిద్దిన దళాలను రద్దు చేసి, వాటి చోట కంపెనీ పటాలాలకు తిండి పెట్టడానికి ఒప్పుకున్నాడు. అదే ఏడు అక్టోబరు 12న మస్కట్ సుల్తాను కూడా కంపెనీతో ఒక ఖౌల్‌నామా రాసుకున్నాడు. ఫ్రెంచివాళ్ళను తన రేవుల్లోకి రానివ్వనన్నది దాని సారం. రెండింటికీ కారణం ఒకటే, ఫ్రెంచివాళ్ళ భయం. రెండేళ్ళు తిరిగేసరికి ఆ పటాలాల ఖర్చు కింద నిజాం కడప, అనంతపురం, బళ్ళారి, కర్నూలు సీమలను కంపెనీకి వదులుకున్నాడు. అవే మన దత్తమండలాలు, తర్వాత రాయలసీమ అయ్యాయి. సైనిక సాయానికి బిల్లు ఎలా వస్తుందో మన జిల్లాల పటంలోనే గీసి ఉంది.

మస్కట్ బిల్లు నెమ్మదిగా వచ్చింది. 1958లో సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ బ్రిటన్‌తో ఉత్తరాలు మార్చుకున్నాడు. సైన్యం కట్టడానికి డబ్బు, నడపడానికి బ్రిటిష్ అధికారులు అటు నుంచి, మసీరా, సలాలాల్లో విమాన స్థావరాలు ఇటు నుంచి. కిందిస్థాయి సైనికుల్లో పెద్ద భాగం బలూచీలు. అదే ఏడు ఒమన్ తన చేతిలో ఉన్న గ్వాదర్ రేవును పాకిస్థాన్‌కు అమ్మేసింది గానీ ఆ తీరం నుంచి సిపాయిల భర్తీ ఆగలేదు. ఆ రోజుల్లో అక్కడ చెలామణి అయ్యే నోటు మన రిజర్వు బ్యాంకు ముద్రించిన గల్ఫ్ రూపాయి. 1970 దాకా అది నడిచింది.

సయీద్ మన దేశానికి కూడా తెలిసినవాడే, అజ్మీర్ మేయో కాలేజీలో చదివాడు. ఏలిక అయ్యాక అప్పు చేయకూడదన్నది ఒక్కటే నమ్మాడు. 1967లో చమురు ఎగుమతి మొదలయ్యాక కూడా దేశం మొత్తానికి మూడు బడులు, పది కిలోమీటర్ల తారు రోడ్డు. సలాలా రాజభవనంలో బానిసలుండేవారు. దోఫార్ కొండవాళ్ళది వేరే భాష, ఆవులే వాళ్ళ ఆస్తి. పనికోసం కువైట్, బహ్రెయిన్ వెళ్ళివచ్చిన యువకులు తిరగబడ్డారు. 1965 జూన్ 9న సాయుధ పోరాటం ప్రకటించారు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో కవాతు మైదానంలో సుల్తాను సొంత దోఫారీ సైనికులే ఆయన మీద కాల్పులు జరిపారు.

ఆ తర్వాత ఆయన చేసిన పని దారుణం. బ్రిటిష్ అధికారుల చేతికింద ఉన్న సైన్యం కొండ పల్లెలు తగలబెట్టింది, పశువులను కాల్చింది, బావులను పూడ్చింది. నీళ్ళు లేని చోట బావి పూడ్చడం అంటే ఏమిటో అనంతపురంవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు. తిరుగుబాటుదారుల సంఖ్య పెరిగింది. 1967 నవంబరులో ఏడెన్ నుంచి బ్రిటన్ వెళ్ళిపోవడంతో పక్కనే దక్షిణ యెమెన్ అనే విప్లవ రాజ్యం లేచింది. ఆ విప్లవంలో కూలినవాళ్ళలో అక్కడి ముకల్లా సుల్తానులు కూడా ఉన్నారు. వాళ్ళ వంశం హైదరాబాదు నిజాం కొలువులో జమేదార్లుగా సంపాదించిన సొమ్ముతో రాజ్యం కట్టుకుంది. హైదరాబాదు బర్కాస్‌లో ఉన్న, ఆ సీమ నుంచి వచ్చిన హద్రమీ కుటుంబాలకు ఆ పేర్లు ఇప్పటికీ తెలుసు.

1968లో హమ్రీన్ సభలో తిరుగుబాటు మార్క్సిస్టు బాట పట్టింది. చైనా, తర్వాత సోవియట్ యూనియన్ ఆయుధాలిచ్చాయి, తీసుకెళ్ళి తర్ఫీదు ఇచ్చాయి. విముక్తి ప్రాంతాల్లో బానిసత్వం రద్దు చేశారు. ఆడవాళ్ళు తుపాకులు పట్టారు. సరిహద్దు అవతల హౌఫ్‌లో పిల్లలకు బడులు నడిపారు. లెబనాన్‌కు చెందిన హైనీ స్రూర్ ఆ కొండల్లోకి వెళ్ళి తీసిన డాక్యుమెంటరీ 1974లో కాన్ ఉత్సవానికి వెళ్ళింది. ఆ ఉద్యమం సొంత మనుషుల మీద కూడా కఠినంగా ఉంది. మతాన్ని, తెగ పెద్దలను తోసిపుచ్చిన తీరుకు చాలామంది దూరమయ్యారు. అసలు కీలకం అక్కడే ఉంది.

సుల్తానును మార్చిన సాయం

1970 జులై 23న సలాలా అల్ హుస్న్ భవనంలో సయీద్‌ను దింపేశారు. పెనుగులాటలో తన తుపాకీ తూటానే ఆయన కాలికి తగిలింది. బ్రిటిష్ వైమానిక దళం విమానమే ఆయన్ను దేశం దాటించింది. రెండేళ్ళకు లండన్‌లో కన్నుమూశాడు. గద్దెనెక్కిన కొడుకు ఖాబూస్ శాండ్‌హర్స్ట్‌లో చదివినవాడు. బ్రిటన్ పాత్ర తర్వాత బయటపడిన పత్రాల్లో కనపడుతుంది. మిత్రుడికి సాయం చేస్తున్నవాళ్ళు ఆ మిత్రుణ్ణే మార్చారు. సాయం పొందే ప్రతి ఏలికా జ్ఞాపకం ఉంచుకోవాల్సిన సంగతి ఇది.

కొత్త సుల్తాను క్షమాభిక్ష ప్రకటించాడు. ఎస్‌.ఎ.ఎస్‌. అధికారి జానీ వాట్స్ వేసిన పథకంలో ఐదు పనులున్నాయి: వైద్యం, పశువైద్యం, సమాచార సేకరణ, ప్రచారం, దోఫారీలనే దళాలుగా కట్టడం. ఒక సైనికుడు రాసుకున్న యుద్ధ పథకంలో పశువుల డాక్టరు ఉండటం నన్ను బాగా ఆకట్టుకుంది. ఆవు బతికితే ఇల్లు బతుకుతుందని ఎవరో అక్కడివాళ్ళు చెబితేనే తప్ప దొరకని తెలివి అది.

లొంగివచ్చినవాళ్ళతో కట్టిన దళాల పేరు ఫిర్ఖా. సలీం ముబారక్ నాయకత్వంలో మొదటిది సలాహుద్దీన్ ఫిర్ఖా. తెచ్చిన తుపాకీని బట్టి డబ్బు ముట్టేది. ఈ పద్ధతి గోదావరి తీరం అడవుల్లో మనమూ చూసిందే. కొందరిని మొదట చైనావాళ్ళు తయారుచేశారు, తర్వాత ఇంగ్లీషువాళ్ళు. రెండు ప్రభుత్వాల శిక్షణ ఒకే ఒంటి మీద. నిన్నటి దాకా పక్కపక్కనే పడుకున్న తమ్ముడు కొండ అవతల, అన్న ఇవతల.

శిక్షకులకు వాళ్ళు అంత సులువుగా లొంగలేదు. 1971 అక్టోబరులో జాగ్వార్ అనే పేరుతో పెద్ద దండయాత్ర మొదలైంది. సైన్యం కొండ మీద ఇక దిగకుండా కాలు నిలిపింది అప్పుడే. మధ్యలో రంజాన్ వచ్చింది. యుద్ధంలో ఉన్నవాళ్ళకు ఉపవాసం నుంచి మినహాయింపు ఉందని చెప్పినా ఫిర్ఖాలు వినలేదు, దిగిపోయారు. తర్వాత, మా పశువులు సంతకు చేరితే తప్ప కదలమన్నారు. చివరికి పైన విమానాలు కాపలా కాస్తుండగా వందలాది పశువులను కొండ నుంచి తాఖా ఊరికి తోలారు. నాకు తెలిసినంతలో ఆ యుద్ధంలో ఇంతకంటే మంచి పాఠం ఎవరూ ఎవరికీ నేర్పలేదు. అక్కడ నేర్పింది ఫిర్ఖాలు.

ఆ తర్వాత పద్ధతి ఒకటి కుదిరింది. ఒక తెగ ఫిర్ఖాను వాళ్ళ సొంత నేల మీదికే తీసుకెళ్ళేవారు. చుట్టూ సైన్యం పట్టు దొరకగానే బాట వేసేవారు. బాట మీద రిగ్గు వచ్చేది. బోరు వేసేవారు. నీళ్ళు పడగానే చుట్టుపక్కల మందలన్నీ అక్కడికి చేరేవి. ఒక దుకాణం, చిన్న వైద్యశాల, బడి, మసీదు. తిరుగుబాటుదారులను మళ్ళీ రానిస్తే ఇవన్నీ ఆగిపోతాయని కూడా ముందే చెప్పేవారు. ఆరేడేళ్ళ క్రితం బావి పూడ్చిన సైన్యమే ఇప్పుడు బావి తవ్వింది. కానీ మోటారు స్విచ్చి తన చేతిలోనే పెట్టుకుంది. ఆ రెండో సంగతి మరచిపోయి ‘మనసులు గెలిచిన యుద్ధం’ అని రాసే పుస్తకాలను నేను పూర్తిగా నమ్మలేను. నీళ్ళు వచ్చాయన్న మాట మాత్రం నిజం, ఆ నీళ్ళు తాగినవాళ్ళకు అది చిన్న నిజం కాదు.

మిగిలినది ఇతర మిత్రుల సాయం. ఇరాన్ షా 1973 డిసెంబరులో వెయ్యికి పైగా సైనికులను పంపాడు, తర్వాత ఇంకా పెంచాడు. వాళ్ళు తుమ్రైత్ నుంచి సలాలాకు వచ్చే రోడ్డు తెరిచారు, 1975 జనవరిలో రఖ్యూత్ రేవు పట్టుకున్నారు, చాలామందిని పోగొట్టుకున్నారు. జోర్డాన్ ఇంజనీర్లను, సైనికులను, హంటర్ విమానాలను ఇచ్చింది. ముఘ్‌సైల్ తీరం నుంచి ఉత్తరానికి 50 కిలోమీటర్లకు పైగా హార్న్‌బీమ్ ముళ్ళకంచె వేసి, మందుపాతరలు పాతి, ఒంటెల మీద వచ్చే ఆయుధాల దారి మూశారు. 1973లో పెరిగిన చమురు ధర ఖర్చు భరించింది. 1975 డిసెంబరు 11న ఖాబూస్ యుద్ధం ముగిసిందన్నాడు. సాయం చేసిన షా మూడేళ్ళకే సొంత దేశం వదిలి పారిపోయాడు.

తొలి తిరుగుబాటుదారుల్లో ఒకడైన యూసుఫ్ బిన్ అలావి అటు నుంచి ఇటు వచ్చి, 2020 దాకా ఒమన్ విదేశాంగాన్ని నడిపాడు. అమెరికా, ఇరాన్‌ల మధ్య మాటలు మోసిన దేశంగా ఒమన్‌కు వచ్చిన పేరులో ఆయన వంతు ఉంది. లబలబకు 2009లో ఇంగ్లండులోని హెరెఫోర్డ్‌లో విగ్రహం పెట్టారు. మిర్బాత్‌లో ఆ ఉదయం కొండ దిగి వచ్చి చనిపోయిన దోఫారీలకు వాళ్ళ నేల మీద గుర్తుగా ఒక రాయి ఉన్నట్టు కూడా నాకు తెలియదు. వాళ్ళ తల్లుల భాషే ఎదురుగా ఉన్న ఫిర్ఖాలదీ.

బ్రిటన్ 1977లో మసీరా, సలాలా స్థావరాలు ఖాళీ చేసింది. 2018లో దుఖ్మ్ రేవులో కొత్త స్థావరం తెరిచింది. అదే ఏడు మన నౌకాదళం ఓడలకూ ఆ రేవు వాడుకునే ఒప్పందం కుదిరింది. ఒమన్ నౌకాదళంతో మన ఉమ్మడి విన్యాసాలు 1993 నుంచే ఉన్నాయి. ఇప్పుడు మనమూ సాయం చేసేవాళ్ళ వరసలో నిలబడ్డాం.

కొండ మీద ఆ బోర్లు మిగిలాయి. అంతకుముందు మందలు రుతువును బట్టి, నీటిని బట్టి ఒక చోటి నుంచి ఒక చోటికి కదిలేవి. గడ్డికి ఊపిరి తీసుకునే వ్యవధి దొరికేది. ఏడాది పొడవునా నీళ్ళు, దాణా దొరికాక పశువులు పెరిగాయి, కదలిక తగ్గింది. ఇప్పుడు దోఫార్ కొండల్లో మేత అతిగా జరిగి గడ్డినేలలు పలచబడుతున్నాయి. ఖరీఫ్ వెళ్ళిన కొన్ని వారాలకే చాలా వాలుల మీద మట్టి బయటపడుతుంది. పాత తిరుగుబాటుదారుల మనవలు, పాత ఫిర్ఖాల మనవలు ఒకే బోరు దగ్గర ఆవులకు నీళ్ళు పెడుతూ, మళ్ళీ మబ్బు ఎప్పుడు దిగుతుందా అని చూస్తుంటారు.