మిషన్ ఆగిపోయింది.. చేతులు ఆగలేదు! సిల్క్యారాలో 41 మందిని బయటకు తెచ్చారిలా..

2023 నవంబర్ 12, దీపావళి రోజు. ఉత్తరాఖండ్‌లో సిల్క్యారా సొరంగం కూలి, 41 మంది కార్మికులు లోపల చిక్కుకుపోయారు. శిథిలాల్లోంచి గొట్టం వేస్తున్న ఆగర్ మిషన్ ఇనుము అడ్డుపడి విరిగిపోయింది. ఇరుక్కున్న ముక్కలు కోయడానికి హైదరాబాద్ నుంచి ప్లాస్మా కట్టర్ తెప్పించారు. ఇంకా సుమారు 12 మీటర్లు తవ్వాలి!

అప్పుడు దిగారు ర్యాట్ హోల్ మైనర్లు. మూడడుగుల వెడల్పు కూడా లేని గొట్టంలోకి పాక్కుంటూ వెళ్లారు. ఒకరు తవ్వితే, ఇంకొకరు మట్టి ఎత్తి ట్రాలీలో పోశారు. దాదాపు ఒక్క రోజులోనే దారి పడింది. 28న రాత్రి ఎన్డీఆర్ఎఫ్ సిబ్బంది లోపలికెళ్లి అందరినీ క్షేమంగా బయటకు పంపారు.

ప్రమాదకరమంటూ 2014లో మేఘాలయలో ఎన్జీటీ నిషేధించింది ఈ తరహా బొగ్గు తవ్వకాన్నే. ప్రాణాలు తీసే ఆ పనే ఇక్కడ 41 ప్రాణాలు నిలబెట్టింది.