అమ్మ పుట్టిల్లు రంగం

సంక్రాంతికి విశాఖలో మా వీధి సగం ఖాళీ అయ్యేది. ఆడవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని పుట్టిళ్లకు వెళ్లిపోయేవాళ్లు. మా అమ్మ మాత్రం ఎక్కడికీ కదిలేది కాదు. కొత్తగా అద్దెకు దిగిన పక్కింటావిడ ఎవరైనా “మీ పుట్టిల్లు ఎక్కడండీ?” అని అడిగితే “రంగం” అనేది. ఇంకో ప్రశ్న వచ్చేలోపే “సముద్రం అవతల” అని లోపలికి వచ్చేసేది.

రంగం అంటే రంగూన్, ఇప్పటి యాంగోన్. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఇప్పటికీ పెద్దవాళ్ల నోట ఆ పేరే వినిపిస్తుంది. “మా తాత రంగం వెళ్లాడు” అంటే కడుపు చేతపట్టుకుని సముద్రం దాటాడని అర్థం. విశాఖ, కాకినాడ, భీమిలి, కళింగపట్నం రేవుల్లో స్టీమరెక్కి, మేస్త్రీ ఇచ్చిన బయానాకు కట్టుబడి, అక్కడి బియ్యం మిల్లుల్లో, ఓడరేవులో మూటలు మోసిన జనం వేలకు వేలు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. మా ముత్తాత టెక్కలి దగ్గరి ఒక పల్లె నుంచి అలాగే వెళ్లాడు. తాత అక్కడే పుట్టాడు. 1942లో జపాన్ బాంబులకు భయపడి లక్షల మంది అడవులు, కొండలు దాటి కాలినడకన ఇండియాకు వచ్చేస్తే మావాళ్లు పెగూ అవతల ఒక పల్లెలో తలదాచుకుని, యుద్ధం అయిపోయాక మళ్లీ రంగం చేరారు. అమ్మ అక్కడే, 1952లో పుట్టింది.

అమ్మ బర్మా సంగతులు చెప్పేది కాదు. అవి ఆమె చేతుల్లోంచి జారిపడుతుండేవి. చిల్లర లెక్కపెడితే పెదాలు “తిట్, హ్నిట్, థోన్, లే, ఙా” అని కదిలేవి. వేసవిలో సాన మీద గంధం అరగదీసి నుదుట కాకుండా రెండు బుగ్గల మీదా గుండ్రంగా రాసేది. అక్కడ ఆడవాళ్లు థనఖా చెక్క అరగదీసి అలాగే రాసుకుంటారని నాకు చాలా ఏళ్లకు గానీ తెలియలేదు. ఆదివారాలు చేపల పులుసులో నిమ్మగడ్డి, అరటి దూట వేసి, శనగపిండితో చిక్కబరిచి, సేమ్యా మీద పోసిచ్చేది. దానికి ఇంట్లో పేరేమీ లేదు, “ఆదివారం పులుసు” అనేవాళ్లం. అది మొహింగా అని, ఒక దేశమంతా పొద్దున్నే తినే టిఫిన్ అని మాకెవరూ చెప్పలేదు.

1962 మార్చి 2న బర్మాలో సైన్యం గద్దెనెక్కింది. 1964 మార్చిలో రంగూన్ దుకాణాలన్నీ ప్రభుత్వపరమయ్యాయి. తాత కిరాణా కొట్టుకు కొత్త బోర్డు వచ్చింది, ప్రజల దుకాణం, నంబరు ఇంత అని. మే నెలలో యాభై, వంద చాట్ల నోట్లు చెల్లవన్నారు. అమ్మమ్మ బియ్యం డబ్బాలో దాచిన నోట్లు అలాగే ఉండిపోయాయి. ఆ కొన్నేళ్లలో దాదాపు 3 లక్షల మంది భారతీయులు బర్మా వదిలారు. 1965లో, 13 ఏళ్ల వయసులో అమ్మ విశాఖ రేవులో దిగింది. చెవి కమ్మలు రంగం రేవు దగ్గరే పోయాయి. కంచరపాలెంలో ఇప్పుడు బర్మా క్యాంపు అని పిలిచే చోట ఆమె రెండో జీవితం మొదలైంది.

నేను ఈ కథను చిన్నప్పటి నుంచి ఒకే రకంగా అర్థం చేసుకున్నాను. మావాళ్లు బతకడానికి పరాయి దేశం వెళ్లారు, అక్కడ తరిమేస్తే సొంత దేశానికి తిరిగి వచ్చారు. కాగితాల్లో ఉన్నదీ అదే: “బర్మా కాందిశీకులు”. ఇంగ్లిషు కాగితాల్లో ఉన్న మాటకు అర్థం ఇంకా తేటగా ఉంటుంది, స్వదేశానికి తిరిగి పంపినవాళ్లు అని. ఒకరోజు ఏదో ఫారం నింపుతూ “నువ్వు ఇండియాకు తిరిగొచ్చిన ఏడాది ఏదమ్మా?” అని అడిగాను. అమ్మ కూరగాయలు తరగడం ఆపి నావైపు చూసింది. పట్టుదల వచ్చినప్పుడు ఆమె మాట క్యాంపు మాట అయిపోతుంది.

“తిరిగి రావడమేటే? నానెప్పుడు ఎల్లానని తిరిగి రావడానికి?”

ఆ ప్రశ్నే మమ్మల్ని 2019 డిసెంబరులో యాంగోన్ విమానం ఎక్కించింది.

విమానాశ్రయంలో అధికారి అమ్మ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు చూసి తలెత్తి బర్మీస్‌లో ఏదో అడిగాడు. అమ్మ జవాబు చెప్పింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. సన్నగా, కాస్త వేగంగా, ప్రతి మాట చివరా పైకి లేస్తూ ఉంది. 67 ఏళ్ల మనిషి లోపల్నుంచి ఇంకెవరో మాట్లాడినట్టు అనిపించి నాకు కళ్లు చెమర్చాయి.

ఊరు ఆమెకు వెంటనే దొరకలేదు. టాక్సీ కుర్రాడికి డల్హౌసీ వీధి అంటే తెలియదు. అది ఇప్పుడు మహాబందూల రోడ్డు. మొదటి ఆంగ్లో బర్మా యుద్ధంలో ఇంగ్లిషువాళ్లతో పోరాడి 1825లో చనిపోయిన సేనాని పేరు. పరాయివాడి పేరు తీసేసి తమవాడి పేరు పెట్టుకున్నారు, అది వాళ్ల హక్కు. అయితే అదే వీధిలో గోలీలాడిన పిల్లకు దారి చెప్పే పేరు ఒక్కటీ మిగలలేదు. చివరికి సూలే పగోడా కాపాడింది. ఎనిమిది మూలల ఆ బంగారు గోపురం కనపడగానే అమ్మ టాక్సీ ఆపించింది. అక్కడి నుంచి అడ్డువీధులకు అంకెలే పేర్లు. తమ వీధి అంకె ఆమెకు తెలుగులో గుర్తు రాలేదు. బర్మీస్‌లో లెక్కపెట్టుకుంటూ నడిచి, ఒక మూల మీద ఆగి, “ఇదే” అంది.

ఇరుకు వీధికి రెండు వైపులా నాలుగైదంతస్తుల పాత ఇళ్లు. ప్రతి బాల్కనీ నుంచి ఒక తాడు కింద దాకా వేలాడుతోంది, చివర క్లిప్పు. కింద నిలబడి తాడు లాగితే పైన గంట మోగుతుంది. పేపరు, కూరల సంచి క్లిప్పుకు తగిలిస్తే పైకి లాక్కుంటారు. అమ్మ ఆ తాళ్ల కింద నడిచి, మూడో అంతస్తు నుంచి దిగిన ఒకదాన్ని పట్టుకుని రెండుసార్లు లాగింది. అడగాలనే ఆలోచన కూడా ఆమెకు వచ్చినట్టు లేదు.

పైనుంచి ఒక ముసలావిడ తొంగి చూసింది. 85 ఏళ్లయినా ఉంటాయి. అమ్మ తలెత్తి గట్టిగా ఏదో చెప్పింది. ఆవిడ కాసేపు చూసి, తర్వాత నవ్వి, రమ్మని చెయ్యూపింది.

మాతో వచ్చిన యువకుడు, అక్కడే పుట్టిన తెలుగువాళ్ల అబ్బాయి, మెట్లెక్కుతూ నాకొక సంగతి చెప్పాడు. బర్మీస్‌లో పెద్దవాళ్లతో మాట్లాడే చిన్నపిల్ల “నేను” అనదు, “థమీ” అంటుంది, అంటే కూతురు. వయసొచ్చాక వాడే మాట వేరు. “అమ్మగారు థమీ అంటున్నారక్కా. థమీ ఇల్లు ఇదే, థమీ చూసి వెళ్తుంది అని. అందుకే ఆవిడకు నవ్వొచ్చింది.” ఆ భాషలో పెద్దదయ్యే వ్యవధి అమ్మకు దొరకలేదు. 13 ఏళ్ల దగ్గర ఆమె “నేను” ఆగిపోయింది. విశాఖలో ఆమె నేర్చుకున్నది మరో “నేను”.

అప్పుడు నాకు అర్థమైంది. అమ్మ ఇంటికి తిరిగొచ్చిన మనిషి కాదు, వలస వచ్చిన మనిషి. అమెరికాలో మొదటి చలికాలం గడిపే మన పిల్లల్లాగే కొత్త దేశంలో కొత్త బడిలో “బర్మా పిల్ల” అని వేలెత్తి చూపించుకుంటూ బతుకు మొదలుపెట్టిన మనిషి. తేడా ఒక్కటే. అమెరికా వెళ్లిన పిల్లకు దిగులుపడే హక్కు ఉంటుంది. అమ్మకు అది కూడా ఇవ్వలేదు మేం, సొంత ఊరు వచ్చావుగా ఇంకా దిగులేంటని.

కాందిశీకుడు అన్న మాటకు సంస్కృతంలో ఉన్న మూలం “ఏ దిక్కుకు పోను?” అన్న ప్రశ్న. మావాళ్లకు సరిపోయే మాట అదొక్కటే. స్వదేశం అన్నది కాదు.

అక్కడ మాత్రం వాళ్లను సొంతవాళ్లు అనుకున్నారా? బర్మీస్‌లో భారతీయుణ్ని “కలా” అంటారు. చిన్నచూపుతో అనే మాట. కుర్చీని “కలాతైన్” అంటారు, శనగలను “కలాపే”. ఆ భాషలో ఎవరైనా కూర్చోవాలన్నా, శనగలు కొనాలన్నా మనవాళ్ల పేరు పలకాల్సిందే, అయినా మనిషిని పిలిస్తే అది తిట్టు. తెలుగువాళ్లకు ఇంకో పేరుంది, “కోరంగి”. కాకినాడ దగ్గరి ఆ పాత రేవును మా ముత్తాత చూసి కూడా ఉండడు. 1930 మేలో రంగూన్ రేవు కూలీల గొడవలు ఊచకోత దాకా పోయినప్పుడు ఆ పేరే ప్రాణాల మీదికి తెచ్చింది. 1982 పౌరసత్వ చట్టం పూర్తి పౌరులయ్యే జాతులను 1823కు ముందు అక్కడ స్థిరపడినవాటికి పరిమితం చేసింది. మాతో వచ్చిన అబ్బాయికి బయట బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు. తెలుగు మాట్లాడతాడు, రాయడం రాదు. వాడి తెలుగులో మా అమ్మమ్మ మాటలున్నాయి, విశాఖలో మేం సిగ్గుపడి వదిలేసినవి.

సాయంత్రం వాళ్లింటి దగ్గరి రామాలయానికి వెళ్లాం. భజన మొదలుకాక ముందు ఒక పెద్దాయన అమ్మను “ఏ ఊరమ్మా మీది?” అని అడిగాడు. విశాఖలో యాభై ఏళ్లకు పైగా ఆ ప్రశ్నకు తడుముకునే అమ్మ, ఇక్కడా వెంటనే జవాబివ్వలేదు. “ఇదే బాబూ. ఇప్పుడు ఇశాపట్నం” అంది. ఆయన తల ఊపి, పక్కకు జరిగి ఆమెకు చాప మీద చోటిచ్చాడు.

విదేశాల నుంచి సెలవులకు వచ్చిన మనవల్ని మనం ఎయిర్‌పోర్టు నుంచే పరీక్షిస్తాం. తెలుగు వచ్చా, చేత్తో తింటున్నారా, ఊరు నచ్చిందా అని. వాళ్లు ఇక్కడ వెతికేది తమను కాకపోవచ్చు, తమ అమ్మానాన్నల్ని కావచ్చు. తాము పుట్టకముందు వాళ్లు ఏ భాషలో నవ్వారో, ఏ వీధిలో పరుగెత్తారో చూడాలని రావచ్చు. నేను వెళ్లింది దానికే. నాకు దొరికింది కూడా 13 ఏళ్ల ఒక పిల్ల. మళ్లీ వెళ్లాలనుకున్నాం. 2021 ఫిబ్రవరి 1న అక్కడ సైన్యం మరోసారి అధికారం లాక్కుంది. ఇప్పుడు ఆ అబ్బాయి నుంచి ఫోను వచ్చిన రోజు అమ్మకు పండగ.

ఆ మూడో అంతస్తులో మేం గంటసేపే ఉన్నాం. తాత కట్టించిన గూడు గోడలో అలాగే ఉంది, అందులో బుద్ధుడి బొమ్మ. అమ్మ దానికి దణ్ణం పెట్టింది. ముసలావిడ లపెత్ పెట్టింది, పులియబెట్టిన తేయాకులో వేయించిన పప్పులు, నువ్వులు కలిపి. సెలవు తీసుకుని వీధిలోకి దిగాక పైనుంచి పిలుపు వినిపించింది. తాడు మెల్లగా కిందికి వస్తోంది, క్లిప్పుకు ఒక చిన్న పొట్లం. మిగిలిన లపెత్. అమ్మ పొట్లం విడిపించుకుని, తాడు రెండుసార్లు లాగి, పైన గంట మోగే దాకా తలెత్తి అలాగే నిలబడింది.