పసికందుల ఒంటిపై పసుపు బొడిపెలు.. కంగారు వద్దు, కళ్లు మాత్రం చూపించండి

పుట్టిన కొద్ది నెలలకే కొందరు శిశువుల తలపైనో, మెడపైనో, ఛాతీపైనో కందిగింజంత బొడిపెలు కనిపిస్తాయి. తొలుత ఎర్రగా ఉండి క్రమేణా పసుపు, నారింజ రంగులోకి మారతాయి. సాధారణంగా నొప్పి, దురద ఉండవు. అరుదైన ఈ సమస్యను వైద్య పరిభాషలో జువెనైల్ జాంథోగ్రాన్యులోమా అంటారు. ఇది పులిపిరి కాదు, కుష్ఠు కాదు, క్యాన్సర్ కాదు. ఒకరి నుంచి మరొకరికి సోకదు.

హిస్టియోసైట్లు అనే రక్షణ కణాలు చర్మంలో ఒకచోట చేరి కొవ్వును నింపుకోవడం వల్లే ఆ పసుపు రంగు వస్తుంది. రక్తంలోని కొలెస్ట్రాల్‌కు, తల్లి తిన్న ఆహారానికి దీనితో సంబంధం లేదు.

చాలామందిలో ఇవి 3 నుంచి 6 ఏళ్లలో వాటంతటవే అణగిపోతాయి. కొందరికి చిన్న మచ్చ మిగులుతుంది. పులిపిరి అనుకుని సున్నం పెట్టడం, వెంట్రుకతో బిగించి కట్టడం వంటివి చేస్తే పుండు పడి చీము పట్టే ప్రమాదముంది. చర్మ వైద్యులు చాలావరకు చూసి గుర్తించగలరు. అనుమానముంటే చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు.

నిర్లక్ష్యం చేయకూడనిది కంటి విషయమే. రెండేళ్లలోపు వయసుండి, బొడిపెలు ఎక్కువగా ఉన్న పిల్లల్లో అరుదుగా కంటి లోపల కూడా ఇవి ఏర్పడతాయి. అప్పుడు కంట్లో రక్తం చేరి, ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినవచ్చు. కన్ను ఎర్రబడినా, నల్లగుడ్డు రంగు మారినా, బిడ్డ వెలుతురు చూడలేకపోయినా ఆలస్యం చేయకుండా నేత్ర వైద్యులను సంప్రదించాలి.