పాడి పశువుల్లో మాయ వేయకపోవడం – గుర్తించే విధానం

జోగులాంబ గద్వాల జిల్లాలో తుంగభద్ర ఒడ్డున ఉన్న రాజోలి వంటి గ్రామాల్లో ఒకటి రెండు గేదెలతో పాడి సాగించే కుటుంబానికి ఒక్క ఈత దెబ్బతిన్నా నష్టం పెద్దదే. ఈనిన పశువు మాయ వేయకపోతే గర్భకోశానికి వాపు సోకి, పాలు తగ్గి, తిరిగి చూలు కట్టడం ఆలస్యమవుతుంది. కనుక సమస్యను సకాలంలో గుర్తించడం ముఖ్యం.

సాధారణంగా ఈనిన 8 గంటల లోపు మాయ పడిపోతుంది. 12 గంటలు దాటినా పడకపోతే నిలిచిపోయినట్లు భావించాలి. అందుకే ఈనిన వేళను గుర్తుంచుకోవాలి. వేలాడుతున్న మాయ కంటికి కనిపిస్తుంది. తెగి లోపల మిగిలిన ముక్క కనిపించదు. కొన్ని పశువులు పడిన మాయను తినివేస్తాయి కూడా. కాబట్టి మాయ కనిపించనంత మాత్రాన లోపలే ఉందనీ, కొంత పడినంత మాత్రాన పూర్తిగా పడిందనీ తీర్మానించరాదు. పడిన మాయను చేతి తొడుగులు ధరించి పరచి, చిరిగి ఉన్నదేమో పరిశీలించాలి. సందేహముంటే పశువైద్యునిచే వెంటనే పరీక్ష చేయించాలి. ఆలస్యమైతే గర్భకోశ ముఖద్వారం కుంచించుకుపోయి, చేతితో పరీక్షించడం కష్టమవుతుంది.

ఈనిన తర్వాత సుమారు రెండు వారాల పాటు దుర్వాసన లేని ఎర్రని స్రావాలు సహజం. దుర్వాసనతో కూడిన పలుచని స్రావాలు, 103 డిగ్రీల ఫారన్‌హీట్‌కు మించిన జ్వరం, మేత మానివేయడం, పాలు తగ్గడం గర్భకోశ వాపునకు సూచనలు.

వేలాడే మాయకు రాయి కట్టడం, బలవంతంగా లాగడం హానికరం. మాయను గర్భకోశానికి అంటిపెట్టే బొడిపెలు చిట్లి రక్తస్రావమవుతుంది. మాయ తెగి లోపల ముక్కలు మిగులుతాయి. చికిత్సను, మందులను పశువైద్యుడే నిర్ణయించాలి.

కష్ట ప్రసవం, కవల దూడలు, నెలలు నిండకముందే ఈనడం, కాల్షియం, సెలీనియం, విటమిన్ ఇ లోపాలు ఈ సమస్యకు దారితీస్తాయి. చూడి చివరి నెలల్లో ఈసుకుపోయి మాయ వేయని పశువులో బ్రూసెల్లోసిస్‌ను అనుమానించి, రక్త పరీక్ష చేయించాలి. ఇది మనుషులకూ సోకే వ్యాధి. అటువంటి మాయను, మృత దూడను ఒట్టి చేతులతో తాకరాదు. సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. 4 నుంచి 8 నెలల వయసున్న పెయ్య దూడలకు ఒకసారి టీకా వేయించడం ఈ వ్యాధికి నివారణ. టీకాకు స్థానిక పశువైద్యశాలను, అత్యవసర వైద్యానికి 1962 సంచార పశువైద్య సేవను సంప్రదించాలి.