డ్రోన్ దానంతటదే తిరిగితే పూచీ ఎవరిది?

సార్వా చేలకు మందు కొట్టేందుకు డ్రోన్లు వచ్చాయి. కుర్రాడు చేను హద్దులు తెర మీద గుర్తుపెట్టి మీట నొక్కితే చాలు, అది ఈ గట్టు నుంచి ఆ గట్టుకు దానంతటదే తిరుగుతుంది. గాలికి మందు పక్క రొయ్యల చెరువులో పడితే, "మిషను చేసింది, నాదేం తప్పు?" అంటే కుదురుతుందా?

కుదరదు. కేంద్రం 2021 ఆగస్టులో తెచ్చిన డ్రోన్ నిబంధనలు మూడు రకాలు చెప్పాయి. పైలట్ దూరం నుంచి నడిపేది ఒకటి. చదువుకో సరదాకో కంటిచూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు మోడల్ విమానం రెండోది. కిరాయికి మందు కొట్టేది ఇందులోకి రాదు. పైలట్ జోక్యమే అక్కర్లేని స్వయంచాలక డ్రోన్ మూడోది. దారి ముందే నింపినా, కనిపెట్టి చూస్తూ అవసరమైతే ఆపాల్సిన మనిషి గట్టున ఉన్నంతవరకు అది మొదటి రకమే.

రైతు సోదరులు గమనించాల్సినవి:

పైలట్ సర్టిఫికెట్, డ్రోన్ గుర్తింపు నంబరు అడిగి చూడండి. మధురపూడి విమానాశ్రయం హద్దుకు 8 కిలోమీటర్ల లోపు చేలల్లో అనుమతి లేనిదే ఎగరేయరాదు. సైపర్‌మెత్రిన్ వంటి మందులు రొయ్యకు విషం. చెరువు పక్క చేలో వాటి జోలికి పోవద్దు. గాలి తగ్గిన పూటే కొట్టించండి.

మీట నొక్కాక కుర్రాణ్ణి మాత్రం టీ కొట్టుకు పోనివ్వకండి.