మల్లిని పట్టిన భయం

మన భాషలో 'పిచ్చికుక్క' అంటే రేబిస్ సోకిన కుక్క. ఆ వ్యాధి వైరస్ వల్ల కలుగుతుంది. లక్షణాలు పైకి కనిపించిన తరువాత కుక్క సాధారణంగా పది దినాలలోపే మరణిస్తుంది. కాని శరీరం ఆరోగ్యంగా ఉండి మనస్సు మాత్రమే వ్యాధిగ్రస్తమైన కుక్కను ఏమని పిలవాలి? అందుకు వేరే మాట మనవారి నోట వినబడదు. మా మల్లి అటువంటిది.

మల్లి నాలుగు నెలల పిల్లగా మా ఇంటికి వచ్చింది. అంతవరకు మనుష్య సంచారం లేని ఒక గిడ్డంగిలో పెరిగింది. తెల్లని ఒళ్ళు, చెవులపై తేనెరంగు మచ్చలు. నిమ్మళంగా ఉన్నప్పుడు అంతటి ప్రేమమూర్తి మరొకటి ఉండదు. అమ్మ బియ్యం ఏరుతూ ఉంటే, చేట పక్కన మూతి ఆనించి నిద్రపోయేది. ఉరుము వినిపించినా, గుమ్మంలో కొత్తమనిషి నిలిచినా వణుకుతూ బియ్యపు డబ్బా వెనుక దూరేది. దగ్గరకు వచ్చిన చేతిని కరిచేది. ఏ గాయమూ లేని ముందు కాలిని పుండు పడేదాకా నాకుకొనేది. ఒకనాడు నాన్నగారిని రక్తం వచ్చేలా కరిచింది. ఆయన ఆసుపత్రికి వెళ్ళి సూదులు వేయించుకొని వచ్చారు. ఆ రాత్రి కట్టుకట్టిన ఆ చేతిమీదనే తల పెట్టుకొని పడుకొంది.

"దానికి పిచ్చి. ఎక్కడైనా దూరంగా వదిలి రండి" అన్నారు ఇరుగుపొరుగువారు. "టీకాలన్నీ వేయించాము. అది భయపడుతున్నది, అంతే" అన్నారు నాన్నగారు.

జంతువుకు మనోవ్యాధి ఏమిటని నవ్వేవారున్నారు. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడ్ నగరాన్ని వరద ముంచెత్తినప్పుడు, శాస్త్రజ్ఞుడు ఇవాన్ పావ్‌లోవ్ ప్రయోగశాలలోని కుక్కలు నీటిలో చిక్కుకొని అతికష్టంమీద బ్రతికి బయటపడ్డాయి. తరువాత కొన్నింటి ప్రవర్తన పూర్తిగా మారిపోయింది. కొన్నాళ్ళకు కోలుకొన్న ఒక కుక్క, తలుపు క్రిందనుంచి సన్నని నీటిధార రాగానే మళ్ళీ భీతిల్లింది. కుక్కపిల్ల మనుష్యులతో మెలగడం నేర్చుకొనే ముఖ్యకాలం మూడవ వారం మొదలు ఇంచుమించు పన్నెండవ వారం వరకని స్కాట్, ఫుల్లర్ అనే పరిశోధకులు 1965లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. మల్లికి ఆ వారాలు గిడ్డంగి చీకటిలో గడిచిపోయాయి.

దీనికి చికిత్స ఉన్నది. మనుష్యుల మానసిక రుగ్మతలకు వాడే క్లోమిప్రమిన్‌ను 1998లోను, ఫ్లూఆక్సెటిన్‌ను 2007లోను, యజమాని దూరమైతే తల్లడిల్లే కుక్కలకు వాడడానికి అమెరికా ప్రభుత్వం అనుమతించింది. శిక్షణతో కలిపి ఇచ్చినప్పుడే ఈ మందులు బాగా పనిచేస్తాయి. మా పశువైద్యుడు అటువంటి మందే ఇచ్చి, భయపెట్టే శబ్దాలను మెల్లగా, చాలా దూరంనుంచి అలవాటు చేయడం మాకు నేర్పాడు. కొన్ని వారాలకు కాలి పుండు మానింది. కొత్తవారు వస్తే మల్లి డబ్బా వెనుకకు పోకుండా, అమ్మ కొంగు చాటున నిలబడి చూసేది.

ఒక గాలివాన రాత్రి మల్లి ప్రహరీ దూకి రోడ్డుమీదకు పరుగెత్తింది. లారీ చక్రాల క్రింద దాని ప్రాణం పోయింది.

మీరెరిగిన కుక్క ఏదైనా అకారణంగా వణికినా, ఒంటిని నాకి పుండు చేసుకొన్నా, దానిని కొట్టవద్దు, తరిమివేయవద్దు. పశువైద్యునికి చూపించండి. మల్లి బ్రతికినది రెండున్నర సంవత్సరాలు. అందులో చివరి ఎనిమిది నెలలు అది చాలా రాత్రులు హాయిగా నిద్రపోయింది.